పాత గోడల్లో రాతి ఊలు: మంచి సరుకే, కానీ సంచీలో రానివి ఇంకా రెండున్నాయి

ముందే నా తీర్పు చెప్పేస్తాను. చలి ప్రదేశంలో, చెక్క కర్రల గోడలున్న పాత ఇంట్లో ఉంటూ, ఏ కారణంగానైనా ఆ గోడలు విప్పుతున్నవారికి రాక్‌వూల్ కంపెనీ చేసే కంఫర్ట్‌బ్యాట్, అంటే చలిని ఆపడానికి గోడలో నింపే రాతి ఊలు పలకలు, కొనమనే చెబుతాను. గాజు ఊలు (ఫైబర్‌గ్లాస్) కంటే ఖరీదు, కోస్తుంటే దుమ్ము, మోయడానికి బరువు. అయినా కొనండి. కానీ సంచీలు తెచ్చి గోడలో పేర్చేయగానే పని ముగిసిందని అనుకోకండి. గాలి దూరే సందులు మూయడం, తేమకు అడ్డుపొర వేయడం అనే రెండు పనులు ఆ సంచీలో రావు. అవి చేయకపోతే ఎంత మంచి సరుకు పెట్టినా ఫలితం సగమే, కొన్నిసార్లు హాని కూడా.

మాది షికాగోకు పడమరన డ్యూపేజ్ కౌంటీలో, బీఎన్‌ఎస్‌ఎఫ్ రైలు మార్గానికి దగ్గరలో, 1964లో కట్టిన ఇల్లు. బడులు బాగుంటాయని, మెట్రా రైలెక్కి ఆఫీసుకు వెళ్లవచ్చని ఈ చుట్టుపక్కల పాత ఇళ్లు కొన్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అరోరా బాలాజీ గుడిలో ప్రసాదం తీసుకుని కూర్చుంటే జనవరి నెలలో అందరి మాటా ఒకటే: ఫర్నేస్ ఆగకుండా తిరుగుతోంది, ఉత్తరం వైపు గది మాత్రం వెచ్చబడటం లేదు. 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 31 సెల్సియస్ నమోదైంది. ఆ రోజు పిల్లల మంచాన్ని గోడకు దూరంగా జరిపి పడుకోబెట్టాం. కొన్నేళ్ల తర్వాత ఆ వైపు గదులు బాగుచేయించే సమయం వచ్చినప్పుడు, మళ్లీ రంగు వేసి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. గోడల్ని కర్రల దాకా విప్పుదామన్నాను. మావారు ఒప్పుకున్నారు. మా మరిదికి వడ్రంగం పని చేతనవును కాబట్టి, కరెంటు పని తప్ప మిగతాదంతా మేమే చేసుకున్నాం.

అప్పుడు మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఇటుకా సిమెంటూ తప్ప చెక్క గోడ ఆయన ఎరుగరు. ఇంటి ముందు భాగంలో ఉన్న ఇటుక వరసను తట్టి చూసి, “అమ్మాయ్, ఈ ఇటుక ఏ బరువూ మోయడం లేదా?” అని అడిగారు.

“లేదు నాన్నా, అది పైపూత కిందే లెక్క. బరువంతా లోపలి కర్రలదే.”

“అయితే ఆ కర్రలు తడవకుండా చూసుకో. వెచ్చదనం సంగతి తర్వాత.”

పని పొడుగునా ఏ నిర్ణయం తీసుకోవలసి వచ్చినా నేను ఆ మాటతోనే సరిచూసుకున్నాను.

గోడకు లోపలివైపు కొట్టే జిప్సం బోర్డుకు, అంటే డ్రైవాల్‌కు, సుత్తి తగిలించే ముందు చేయవలసినది ఒకటుంది. అమెరికాలో ఇళ్లకు వేసే సీసపు రంగును 1978లో నిషేధించారు. డ్రైవాల్ అతుకులు పూసే ముద్దలో ఆస్‌బెస్టాస్ అనే హానికరమైన రాతినార కలపడం 1977లో నిషేధించారు. మాది 1964 నాటి ఇల్లు కనుక రెండూ ఉండవచ్చు. రంగు పెచ్చులు, అతుకుల ముద్ద, పాత ఇన్సులేషన్ నమూనాలు పరీక్షకు పంపాం. కిటికీల చుట్టూ ఉన్న పాత రంగులో సీసం ఉందని తేలింది, మిగతావి శుభ్రం. సీసమున్న చెక్కను అరగదీయకుండా, తడిపి, ప్లాస్టిక్ పట్టాలు పరిచి తీయించాం. మీ గోడలోనో అటకలోనో గులకరాళ్లలా మెరిసే బూడిదరంగు పలుకులు కనిపిస్తే మాత్రం అక్కడికక్కడే ఆగిపోండి. అది వర్మిక్యులైట్ అనే పాతకాలపు ఖనిజ ఇన్సులేషన్. అమెరికాలో 1919 నుంచి 1990 వరకు అమ్ముడైన వర్మిక్యులైట్‌లో 70 శాతానికి పైగా మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ గని నుంచి వచ్చింది, ఆ గనిలో ఆస్‌బెస్టాస్ కలిసి ఉంది. అందులో ఆస్‌బెస్టాస్ ఉందనే అనుకుని కదిలించవద్దని పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. అలాంటిది సొంతంగా ఊడ్చిపారేసే పని కాదు, లైసెన్సు ఉన్నవారిని పిలవాలి.

ఇక విప్పాక కనిపించినది చెబుతాను. మా గోడ కర్రలు పేరుకు రెండు, నాలుగు అంగుళాలవి; నిజానికి ఒకటిన్నర, మూడున్నర అంగుళాలు. అంటే గోడ లోపలి గూడు లోతు మూడున్నర అంగుళాలు. అందులో 1964లో పెట్టినది రెండంగుళాల మందం కూడా లేని గాజు ఊలు, దాని మీద చీకిపోయిన కాగితం. పైన జారి, ప్రతి గూడులో పైకప్పు దగ్గర జానెడు ఖాళీ. స్విచ్ పెట్టెల వెనక, కర్రల అడుగున అడ్డంగా ఉండే కింది పలక పొడవునా ఊలు నల్లగా మారి ఉంది. మా మరిది దాన్ని బూజనుకున్నాడు. బూజు కాదు, దుమ్ము. గాజు ఊలు గాలిని ఆపదు, వడకడుతుంది. అరవై ఏళ్లుగా ఏ సందుల్లోంచి గాలి పారుతోందో అక్కడ దుమ్ము పట్టి నల్లబడింది. ఇంటి జబ్బు ఎక్కడుందో ఆ నల్లటి మచ్చలే చెప్పాయి; నేను ప్రతి మచ్చనూ ఫొటో తీసి, పారేసే ముందు కర్ర మీద సుద్దతో గుర్తు పెట్టాను. మీరూ అలాగే చేయండి. పాత ఊలును గబగబా సంచీల్లో కుక్కేస్తే ఆ సమాచారమంతా చెత్తబుట్టలో పోతుంది.

ఒక కిటికీ కింద మాత్రం నిజంగానే బూజు ఉంది. బయటి నార బోర్డు వేలితో నొక్కితే లోపలికి పోయింది. కిటికీ అడుగున నీరు బయటికి మళ్లించే పట్టీ లేకపోవడం కారణం. ఆ బోర్డు ముక్క మార్చి, కిటికీ చుట్టూ పట్టీ వేయించి, చెక్క ఆరిందని తేమ కొలిచే మీటరుతో చూసుకున్నాకే ముందుకు కదిలాం. తడి గోడలో కొత్త ఇన్సులేషన్ పెట్టకూడదు, ఎంత తొందరున్నా.

ఏం పెట్టాలన్నదానిపై ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఇంటికి వచ్చి ధర చెప్పిన ఒక కాంట్రాక్టరు గోడల్ని చూడకుండానే స్ప్రే ఫోమ్ అన్నాడు. అందులో క్లోజ్డ్ సెల్ అనే రకం అంగుళానికి ఆరు, ఏడు ఆర్ విలువ (వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) ఇస్తుంది; గాలినీ ఆపుతుంది. సందేహం లేదు, మూడున్నర అంగుళాల గూడులో దాన్ని మించినది లేదు. కానీ ఒకసారి చల్లితే కర్రకు అంటుకుపోయి మళ్లీ రాదు, రేపు బయటి నుంచి నీరు దిగితే కనిపించదు. నాన్నగారి మాట గుర్తొచ్చి వద్దన్నాను. రెండోది సెల్యులోజ్, అంటే పాత వార్తాపత్రికల పొడికి బోరేట్ అనే రసాయనం కలిపి గోడలోకి ఊదేది. గోడలు విప్పే ఉద్దేశం లేనివారికి, చిన్న రంధ్రాలు చేసి నింపించుకోవడానికి అదే మంచిది. మేం ఎలాగూ విప్పాం కనుక పలకల రూపంలో వచ్చేది చాలు. మిగిలినవి గాజు ఊలు, రాతి ఊలు.

రాతి ఊలు ఎలా తయారవుతుందో చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు. బసాల్ట్ రాయినీ, ఉక్కు కర్మాగారాల్లో మిగిలే చిట్టెమునూ కొలిమిలో కరిగించి, ఆ ద్రవాన్ని వేగంగా తిరిగే చక్రాల మీద పోస్తారు. అది పీచుమిఠాయిలా దారాలు దారాలుగా విడిపోతుంది. హవాయి అగ్నిపర్వతాల దగ్గర గాలికి లావా ఇలాగే సన్నని పోగులుగా గడ్డకట్టడం ప్రకృతిలోనే ఉంది. రాక్‌వూల్ కంపెనీ డెన్మార్క్‌లో 1937లో దీన్ని చేయడం మొదలుపెట్టింది. ఉత్తర అమెరికాలో 2018 వరకు రాక్సుల్ అనే పేరుతో అమ్మేవారు. పాత వీడియోల్లో ఆ పేరు వింటే అది ఇదే సరుకు.

ఇప్పుడు ఆర్ విలువ గురించి. మూడున్నర అంగుళాల కంఫర్ట్‌బ్యాట్‌కు ఆర్-15, అయిదున్నర అంగుళాలదానికి ఆర్-23. మామూలు గాజు ఊలు మూడున్నర అంగుళాలకు ఆర్-11, ఆర్-13 వస్తాయి; గట్టిగా అదిమి చేసిన రకం ఆర్-15 కూడా ఇస్తుంది. కాబట్టి అంకెల్లో రాతి ఊలు గొప్పేమీ లేదు. పైగా గోడలో నాలుగో వంతు దాకా చెక్కే ఉంటుంది, మూడున్నర అంగుళాల చెక్క ఆర్ విలువ నాలుగుకు కాస్త పైన. కర్రలనూ కలిపి గోడ మొత్తానికి లెక్క కడితే ఆర్-13 పెట్టినా ఆర్-15 పెట్టినా తేడా ఒక్క అంకె కూడా రాదు. నేను అకౌంటెంటును, ఈ లెక్క చేసి చూశాక, అంకె కోసమే అయితే ఇంత డబ్బు పెట్టనక్కరలేదనే అనుకున్నాను.

నేను డబ్బు పెట్టింది అమరిక కోసం. కర్రల మధ్య దూరం పద్నాలుగున్నర అంగుళాలు, ఈ పలక వెడల్పు పదిహేనుంపావు. ముప్పావు అంగుళం ఎక్కువ ఉండటంతో కర్రల మధ్య బిగుసుకుని నిలబడుతుంది. ఒక పక్క అంచు మెత్తగా అణిగేలా చేశారు. ఆ అంచును కర్రకు ఆనించి నొక్కి, రెండో పక్క తోసేస్తే చాలు. పిన్నులు అక్కరలేదు, కాగితం అంచులు లాగనక్కరలేదు. గట్టి పలక కాబట్టి జారదు. మా ఇంట్లో పాత ఊలు విఫలమైనది సరిగ్గా అక్కడే, జారి పైన ఖాళీ వదలడంలో. ఇక్కడ నా అభిప్రాయం గట్టిది: గాజు ఊలును నేర్పుగా పెట్టేవారికి అదీ మంచి ఫలితమే ఇస్తుంది. కానీ మొదటిసారి చేసేవారి చేతిలో రాతి ఊలే తక్కువ ఖాళీలతో కూర్చుంటుంది.

షికాగో ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. ఇక్కడి ఇళ్లలో కరెంటు తీగలు ఇనుప గొట్టాల్లోంచి వెళ్లాలన్నది స్థానిక నిబంధన. మిగతా రాష్ట్రాల్లో గోడలో ఉండేది మెత్తటి తీగ. మాకు ప్రతి గూడులో అడ్డంగా, వంకరగా ఇనుప గొట్టం. దాని ముందు పలకను నొక్కిపెడితే వెనక ఖాళీ మిగులుతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, గొట్టం ఎంత లోతులో ఉందో కొలిచి, పలక వెనక వైపు అంత లోతుకే గాటు పెట్టి, గొట్టాన్ని ఆ గాటులో ఇముడ్చుకునేలా కూర్చోబెట్టడం. దీనికి ప్రత్యేకమైన రంపం అమ్ముతారు గానీ, రంపపు పళ్లున్న పొడవాటి బ్రెడ్ కత్తి అంతకంటే బాగా నడిచింది. స్విచ్ పెట్టె దగ్గర పెట్టె ఆకారానికి కోసి, తీసిన ముక్కలోంచి పలచటి పొర కోసి పెట్టె వెనక ఉంచాలి. గాజు ఊలు కోస్తే నలుగుతుంది. ఇది రొట్టెముక్కలా అంచు నిలుపుకుంటుంది. మా మరిది ఒక గూడు పూర్తిచేసి వెనక్కి జరిగి చూసినప్పుడల్లా, నాన్నగారు కుర్చీలోంచి లేచి వెళ్లి అంచుల వెంబడి వేలు పోనిచ్చి చూసేవారు. వేలు దూరిన చోట మళ్లీ తీసి పెట్టించారు. ఆయన ఉద్యోగంలో ఎలా ఉండేవారో నాకు అప్పుడు తెలిసింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కోసేటప్పుడు సన్నటి గోధుమరంగు దుమ్ము రాలుతుంది, చర్మానికి దురద పుట్టిస్తుంది. ఎన్-95 మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు తప్పనిసరి. పని అయ్యాక ముందు చన్నీళ్లు పోసుకోండి, రుద్దకండి; ఆ బట్టలు విడిగా ఉతకండి. ఇది క్యాన్సర్ తెస్తుందా అని మా అత్తగారు భయపడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లో రాతి ఊలును అనుమానించదగిన వాటి వరుసలో పెట్టి, 2002 నాటి నివేదికలో దాన్ని తొలగించి, మనుషుల్లో క్యాన్సర్‌కారకమని వర్గీకరించలేని మూడో వరుసలోకి మార్చింది. ఊపిరితిత్తులకు దుమ్ము ఏదైనా దుమ్మే, కాబట్టి మాస్కు విషయంలో మేం రాజీ పడలేదు. పోగుల్ని పట్టి ఉంచే జిగురు వల్ల సంచీ విప్పిన కొత్తలో ఒక వాసన ఉంటుంది. గది కిటికీలు తీసిపెట్టాం, డ్రైవాల్ మూసేసరికి పోయింది.

సరుకు గురించి ఇంతే. ఇక సంచీలో రాని సగం.

మొదటిది గాలి సందులు. సుద్దతో గుర్తుపెట్టిన ప్రతి చోటికీ తిరిగి వెళ్లాం. కింది పలకకూ నేలకూ మధ్య సీలెంట్, అంటే సందు మూసే జిగురు, గీత. కిటికీ చట్రానికీ గోడకూ మధ్య ఉన్న సందులో పాత పద్ధతిలో ఊలు కుక్కకుండా, ఎక్కువ ఉబ్బని రకం ఫోమ్. ఎక్కువ ఉబ్బేది వాడితే చట్రం వంగి కిటికీ బిగుసుకుపోతుంది. కర్రల పైన అడ్డంగా ఉండే పై పలకలో తీగల కోసం తొలిచిన రంధ్రాలు. మా ఇంటికే ప్రత్యేకమైనది ఇనుప గొట్టాల గొడవ: అటకలోంచి దిగే గొట్టం చలిగాలిని నేరుగా స్విచ్ పెట్టెలోకి తెస్తుంది. బయట ఎంత మూసినా గొట్టం లోపలి నుంచి గాలి వస్తూనే ఉంటుంది. దానికి డక్ట్ సీల్ అనే బంకమట్టి లాంటి ముద్ద దొరుకుతుంది, ఎన్నటికీ గట్టిపడదు. ఎలక్ట్రీషియన్ చేత పెట్టెల్లోపల, తీగల చుట్టూ గొట్టం మూతి మూసేలా పెట్టించాం. చాలా చవకైన వస్తువు. మా ఇంట్లో పెట్టిన ప్రతి డాలరులోనూ దీనికి పెట్టినదే ఎక్కువ ఫలితమిచ్చిందని నమ్ముతాను.

రెండోది తేమ. మన వంటిళ్లలో ఆవిరి ఎక్కువ. కుక్కరు, సాంబారు, టీ, చలికాలం ఇంట్లో ఆరేసే బట్టలు. ఆ తేమతో కూడిన వెచ్చటి గాలి గోడలోకి దూరి, బయటి చల్లటి బోర్డును తాకి నీరవుతుంది. మూసిన గోడలో నీరు చేరితే కర్ర కుళ్లుతుంది. పాత గోడ చలిగా ఉన్నా అంతా కుళ్లకపోవడానికి కారణం, లోపలి వేడి ఎప్పుడూ బయటికి కారుతూ బోర్డును ఆరబెట్టడమే. బాగా ఇన్సులేషన్ పెట్టగానే ఆ బోర్డు ఇంకా చల్లబడుతుంది, ఆరడం తగ్గుతుంది. అంటే పని మంచిగా చేసినకొద్దీ తేమ విషయంలో జాగ్రత్త పెరగాలి. ఇది చాలామంది చెప్పరు.

గాజు ఊలు పలకల్లో చాలా రకాలకు ముందువైపు కాగితం అంటించి వస్తుంది, అదే తేమకు అడ్డుపొర. కంఫర్ట్‌బ్యాట్‌కు ఏ కాగితమూ ఉండదు. నిర్మాణ నిబంధనల విభజనలో షికాగో అయిదో వాతావరణ మండలంలో ఉంది. ఈ మండలంలో చెక్క గోడలకు లోపలివైపు ఆవిరిని అడ్డుకునే పొర ఉండాలన్నది నిర్మాణ నిబంధన. మామూలు గోడ రంగు ఒక్కటే అన్ని గోడలకూ ఆ పనికి చాలదు. అందరికీ తట్టేది ప్లాస్టిక్ పట్టా. దాన్ని నేను వద్దన్నాను. కారణం మా ఇంటి ముందున్న ఇటుక. జూలైలో వాన పడి వెంటనే ఎండ కాస్తే తడిసిన ఇటుకలోని తేమ లోపలివైపు నెట్టుకొస్తుంది. లోపల ఏసీ. చల్లటి డ్రైవాల్ వెనక ప్లాస్టిక్ ఉంటే నీరు దాని మీద పట్టి, ఎటూ పోలేక కర్రల్లోకి ఇంకుతుంది. చలికాలం ఆపి, వేసవిలో వదిలే పొర కావాలి. అలాంటివి ఉన్నాయి. మేం వాడినది సర్టెన్‌టీడ్ వారి మెంబ్రేన్ అనే పలచటి నైలాన్ పొర. గాలి పొడిగా ఉన్నప్పుడు ఆవిరిని దాదాపు ఆపుతుంది, తేమ పెరిగినప్పుడు దానిలోంచి ఆవిరి పారడం మొదలవుతుంది. ప్రో క్లైమా వారి ఇంటెల్లో కూడా ఇదే కోవకు చెందినది, ఇంకాస్త దృఢం. అతుకుల మీద, స్విచ్ పెట్టెల చుట్టూ టేపు జాగ్రత్తగా వేస్తే అదే గాలినీ ఆపుతుంది. నాన్నగారికి ఈ పొర పనితీరు వివరించినప్పుడు ఆయన రెండుసార్లు చెప్పించుకుని, “ఇది ముఖ్యమమ్మా, దీని దగ్గర డబ్బు చూడకు” అన్నారు.

నిబంధనల్లో ఇంకొకటి తెలుసుకోదగినది. కొత్త ఇంటి గోడకు ఇక్కడ ఆర్-15 చాలదు, అంతకంటే ఎక్కువ అడుగుతారు. పాత గోడను విప్పినప్పుడు మాత్రం, ఉన్న గూడును పూర్తిగా నింపితే సరిపోతుందని ఇంధన పొదుపు నియమావళి మినహాయింపు ఇస్తుంది. ఇది తెలియక, కర్రల మీద కర్రలు కొట్టి గదిని చిన్నది చేసుకున్నవారిని చూశాను. డ్రైవాల్ మూసేముందు విలేజ్ (ఇక్కడి పురపాలక) ఇన్‌స్పెక్టరును పిలిచి చూపించాలి. ఆయన వచ్చి ఇనుప గొట్టాలు, నింపిన గూళ్లు, పొర అన్నీ చూసి వెళ్లాకే మూశాం.

ఫలితం చెప్పమంటారా. బయట సున్నా ఫారెన్‌హీట్, లోపల 70 ఉన్న రోజుల్లో గోడను పరారుణ థర్మామీటరుతో కొలిచే అలవాటు నాకు ముందు నుంచీ ఉంది. పాత గోడ పైభాగంలో, ఊలు జారిన చోట 57, 58 చూపించేది. ఇప్పుడు అదే చోట 66. గోడ మొత్తం ఒకేలా ఉంది, అదే ముఖ్యం. పిల్లల మంచాలు మళ్లీ గోడ పక్కకు వచ్చాయి. గ్యాసు బిల్లు తగ్గింది గానీ ఆ గొప్పంతా ఈ గోడలకే ఇవ్వను. అదే ఏడాది అటకలో కూడా సందులు మూయించి సెల్యులోజ్ పోయించాం, పాత ఇళ్లలో డబ్బు ముందు తిరిగొచ్చేది అక్కడే. గోడలు విప్పే అవసరం లేనివారు ముందు అటక చేయించుకోండి.

శబ్దం విషయంలో ఆశించినదానికంటే ఎక్కువే దక్కింది. రాత్రిపూట గూడ్సు బండ్లు వెళ్లేటప్పుడు గోడలోంచి వచ్చే బరువైన గుర్‌మనే మోత బాగా తగ్గింది. కూత మాత్రం కిటికీలోంచి యథాతథంగా వినిపిస్తుంది. కిటికీ మారిస్తే తప్ప అది పోదు. స్నానాల గదికీ పూజ గదికీ మధ్య ఉన్న లోపలి గోడలో ఇదే కంపెనీ చేసే సేఫ్ అండ్ సౌండ్ అనే మూడంగుళాల రకం పెట్టాం. అది శబ్దానికీ నిప్పుకూ మాత్రమే. బయటి గోడల్లో దాన్ని వాడకండి. ఇక నిప్పు సంగతి: రాతి ఊలు వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటినా కరగదు, గాజు ఊలు అంతకంటే చాలా ముందే కరిగిపోతుంది. చెక్క ఇంట్లో, రోజూ పోపు పెట్టే వంటగది గోడకు ఇది నాకు తేలిగ్గా తీసిపారేసే సంగతి కాదు. ఎలుకల గురించి అడిగేవారికి నా జవాబు ఒకటే, ఏ ఊలూ ఎలుకను ఆపదు, సందు మూస్తేనే ఆగుతుంది.

ఖర్చు. ఒక సంచీలో పన్నెండు పలకలు, 59.7 చదరపు అడుగులు వస్తుంది. పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తున్న గోడ 96 చదరపు అడుగులు. కిటికీ తీసేస్తే రెండు సంచీలు సరిపోయి కొంచెం మిగులుతుంది. మాకు చదరపు అడుగుకు డాలరు దాటింది, మామూలు గాజు ఊలు కంటే బాగా ఎక్కువ. పొర, టేపు, సీలెంటు దీనికి అదనం. పెద్ద దుకాణాల్లో పలకలు అప్పుడప్పుడు మూలలు విరిగి వస్తాయి. మాకు తెచ్చిచ్చిన దుకాణం వారు సంచీలను వానలో వాకిట్లో వదిలి వెళ్లారు. రాతి ఊలు నీటిని పీల్చదు కనుక ఆరబెట్టి వాడుకోగలిగాం. మేం పని చేసిన 2024లో ఇన్సులేషన్ సరుకు ఖర్చులో 30 శాతం, ఏడాదికి 1,200 డాలర్ల పరిమితితో, ఫెడరల్ పన్నులో తగ్గింపు వచ్చింది. కూలి ఖర్చుకు వర్తించలేదు. ఆ తగ్గింపు 2025 డిసెంబరు 31తో ముగిసిపోయింది. ఇప్పుడు లెక్క వేసుకునేవారు అది లేకుండానే వేసుకోండి. మీ గ్యాసు, కరెంటు కంపెనీలు ఇచ్చే రాయితీలు మాత్రం అడిగి చూడండి.

హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య ఫొటోలు చూసి, తన ఇంటి పడమటి గోడకు కూడా ఇది పెట్టించనా అని అడిగాడు. వద్దన్నాను. అక్కడివి ఇటుక గోడలు, వాటిలో నింపడానికి గూడే ఉండదు; కావాలంటే గోడ మీద ఫ్రేము కట్టి, బోర్డు కొట్టి గది వెడల్పు పోగొట్టుకోవాలి. ఆ ఊరి ఎండకు అసలు దారి పైకప్పు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం చెప్పేది కూడా అదే, కప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పూతో పలకలో వేయమని. పడమటి కిటికీకి బయటి నుంచి నీడ కల్పించి, కప్పుకు పూత వేయించమన్నాను. వేయించాడు.